పేరు చెక్కిన గిన్నె, పేరు రాసిన వ్యాగన్

మన ఇళ్లలో స్టీలు గిన్నె కొంటే, కొట్లోనే నిలబడి దాని మీద పేరు చెక్కించి గానీ ఇంటికి తెచ్చేవాళ్లు కాదు. ఇంటిపేరు పొడి అక్షరం, కింద తారీఖు, పెళ్లి సామాను అయితే పెట్టినవాళ్ల పేరు కూడా. ఎందుకంటే గిన్నె ఒక్క చోట ఉండదు. పులిహోరతో పక్కింటికి వెళ్తుంది, పెళ్లికి విడిదింటికి వెళ్తుంది, వంటవాళ్ల చేతుల్లో పది ఇళ్ల గిన్నెలతో కలిసిపోతుంది. పేరుంటే తిరిగొస్తుంది, లేకపోతే అంతే సంగతులు. బ్రిటన్‌లో వందేళ్లకు పైగా రైలు వ్యాగన్లకు కూడా అచ్చం ఇదే పద్ధతి ఉండేది. రైలు ఒకరిది, పట్టాలు ఒకరివి, బొగ్గు నింపిన వ్యాగన్ మాత్రం ఇంకెవరిదో. దాని పక్కల మీద యజమాని పేరు బారెడు అక్షరాలతో రాసి ఉండేది. వీటిని ఇక్కడి వాళ్లు ప్రైవేట్ ఓనర్ వ్యాగన్లు అంటారు.

ఇంటి కబుర్లు రాసుకునే నాకు ఈ గూడ్సు గోల ఎందుకంటారా? మా ఇంట్లో భోజనాల బల్ల సగం రైల్వే శాఖ అధీనంలో ఉంది కాబట్టి. ఇంగ్లండ్ వచ్చాక మా వారికి మొదలైన మోడల్ రైళ్ల పిచ్చి పద్నాలుగేళ్ల మా వాడికి రెండింతలై అంటుకుంది. బల్ల మీద సాంబారు గిన్నె పెట్టాలంటే ముందు సిగ్నల్ అడగాలి. దుమ్ము తుడిచేది నేనే గనక, ఏ వ్యాగన్ ఎవరిదో, ఏ సంవత్సరానిదో నాకూ వచ్చేసింది. ఇప్పుడు ఇంట్లో నడుస్తున్న వాదన కూడా వాటి గురించే. మనం చెప్పిన పేరుతో వ్యాగన్ రంగులు వేసి ఇచ్చేవాళ్లు ఇక్కడ ఉన్నారు. మా ఇంటిపేరు పెట్టి, కింద "అండ్ సన్స్, కోల్ మర్చంట్స్" అని రాయించి, 1935 నాటి డెర్బీషైర్ అని తను కట్టుకున్న లైను మీద తిప్పుతానంటాడు మా వాడు. తండ్రి సరేనన్నాడు. నేను వద్దన్నాను. డబ్బు గురించి కాదు. ఆ పేరు వెనక ఉన్న కథ తెలిస్తే మీరూ నా వైపే ఉంటారని ఈ వ్యాసం.

మొదట్లో రైలు మార్గం అంటే ఒక రోడ్డులాంటిదనే అనుకునేవారు. 1803లో లండన్ దగ్గర వాండ్స్‌వర్త్ నుంచి క్రోయిడన్ దాకా సర్రీ ఐరన్ రైల్వే తెరిచారు. ఇంజను లేదు, గుర్రాలే లాగేవి. పట్టాలు కంపెనీవి, ఎవరి బండి వాళ్లు తెచ్చుకుని, సుంకం కట్టి, సరుకు తోలుకోవాలి. మన టోల్ గేటు లెక్కే. 1825లో స్టాక్టన్ డార్లింగ్టన్ రైల్వే వచ్చి ఆవిరి ఇంజన్లు పరిగెత్తడం మొదలెట్టాక కూడా సొంత బండి అలవాటు పోలేదు. ఇంజన్లు, ప్రయాణికుల పెట్టెలు రైల్వే కంపెనీల చేతికి వెళ్లిపోయాయి గానీ, బొగ్గు బళ్లు మాత్రం గనులవాళ్ల దగ్గరే ఎక్కువగా ఉండిపోయాయి.

దానికి కారణాలు లేకపోలేదు. వేల వ్యాగన్లు కొనాలంటే రైల్వే కంపెనీ పెట్టుబడి పెట్టాలి. ఆ ఖర్చు గనివాళ్లే భరిస్తామంటే వద్దనేదెవరు? గనివాళ్ల ఇబ్బంది వేరు. పైకి తీసిన బొగ్గు పోయడానికి ఖాళీ వ్యాగన్ సిద్ధంగా లేకపోతే లోపల పని ఆగిపోతుంది, కూలీలకు కూలి పోతుంది. రైల్వే ఎప్పుడు పంపితే అప్పుడు నింపుకుందామంటే కుదరదు. పైగా అమ్ముడుపోని బొగ్గుకు వ్యాగనే గాదె. ఊరూరా తిరుగుతుంది కాబట్టి పైసా ఖర్చు లేని ప్రకటన కూడా. అలా పెరిగి పెరిగి మొదటి ప్రపంచ యుద్ధం నాటికి ఇలాంటి వ్యాగన్లు దాదాపు ఆరు లక్షలు ఉండేవి.

వాటిలో వేలకు వేలు పెద్ద గనులవే. కానీ నా మనసంతా చిన్నవాళ్ల మీదే. ప్రతి చిన్న స్టేషను పక్కనా ఒక బొగ్గు వ్యాపారి ఉండేవాడు. అతనికి రెండో మూడో వ్యాగన్లు. గని నుంచి బొగ్గు రాగానే పారతో సంచుల్లోకి ఎత్తుకుని, బండి మీద వేసుకుని ఇంటింటికీ తిరగాలి. ఒక్కో సంచి ఒక హండ్రెడ్‌వెయిట్, అంటే యాభై కిలోలకు కాస్త ఎక్కువ. టన్నుకు ఇరవై సంచులు. పన్నెండు టన్నుల వ్యాగన్ ఖాళీ కావాలంటే ఎన్ని సార్లు నడుం వంచాలో లెక్క వేసుకోండి. ఆ సంచి చేరేది వంటింటికే. చలికాలం పొయ్యి వెలగాలన్నా, నీళ్లు కాగాలన్నా, బట్టలు ఉడకాలన్నా ఇల్లాలు ఎదురు చూసేది ఆ బొగ్గాయన కోసమే. ఆ పొయ్యి బూడిద ఎత్తేదీ, గోడలకు పట్టిన మసి తుడిచేదీ కూడా ఆవిడే. కానీ రైల్వే పుస్తకాల్లో వ్యాగన్ కథ స్టేషను గేటు దగ్గరే ఆగిపోతుంది, వంటిల్లు దాకా రాదు.

చిన్న వ్యాపారి దగ్గర వ్యాగన్ కొనే డబ్బు రొక్కంగా ఎక్కడుంటుంది? వాయిదాలే. 1855లో మొదలైన బర్మింగ్‌హామ్ వ్యాగన్ కంపెనీ, 1860లో మొదలైన గ్లాస్టర్ వ్యాగన్ కంపెనీలాంటివి వ్యాగన్లు అద్దెకిచ్చేవి, వాయిదాల మీద అమ్మేవి. ఏడేళ్ల వాయిదాలు మామూలు. ఇప్పుడు మనం ఇంటికి, కారుకి కడుతున్న వాయిదాల తాత ముత్తాతలు వీళ్లేనన్నమాట. వాయిదా తీరేదాకా వ్యాగన్ చట్రం మీద ఆ కంపెనీ చిన్న ఇనప బిళ్ల ఉండేది. మన ఊళ్లో లారీ వెనకాల, ట్రాక్టరు ట్రాలీ మీద ఫలానా ఫైనాన్స్ వారి తాకట్టు అని రాసి ఉంటుంది చూశారా, అదే ఇది. పైన పెద్ద అక్షరాల్లో మన పేరు, కింద చిన్న అక్షరాల్లో అసలు యజమాని పేరు. మా వాడికి పై పేరు కనపడుతోంది. నాకు కింది బిళ్ల కనపడుతోంది. అదే మా ఇద్దరి తగాదా.

సొంత బండి కదా అని ఇష్టం వచ్చినట్టు చేయించుకోవడానికీ వీల్లేదు. గొలుసులో ఒక వ్యాగన్ ఇరుసు వేడెక్కి విరిగినా రైలంతా పడుతుంది. అందుకని రైల్వే కంపెనీల లెక్కలు తేల్చడానికి 1842లో పెట్టుకున్న రైల్వే క్లియరింగ్ హౌస్, ప్రైవేటు వ్యాగన్లు ఎలా ఉండాలో 1887లో కొలతలు నిర్ణయించింది. 1907లో మార్చింది, 1923లో మళ్లీ మార్చింది. బల్ల మీద తిరిగే బొమ్మల్లో చాలా భాగం ఆ 1923 నమూనా పన్నెండు టన్నుల వ్యాగన్లే. పదహారున్నర అడుగుల బండి, అడుగుకి నాలుగు మిల్లీమీటర్ల లెక్కన ఆరున్నర సెంటీమీటర్ల బొమ్మ అవుతుంది. మా చట్నీ గిన్నె కన్నా చిన్నది.

ఆ ఆరున్నర సెంటీమీటర్ల మీద చదవడానికి చాలా ఉంది. ఖాళీ బరువు ఎంత, ఎంత మోయవచ్చు, ఖాళీ అయ్యాక ఏ గనికి తిప్పి పంపాలి, అన్నీ రాసి ఉంటాయి. కొన్నిటి మీద ఏటవాలుగా ఒక తెల్ల గీత ఉంటుంది. అది అందానికి కాదు. ఏ చివర తలుపు తెరుచుకుంటుందో చెప్పే గుర్తు. రేవులో వ్యాగన్‌ని ఒక పక్కకు ఎత్తి బొగ్గంతా ఓడలోకి ఒంపేటప్పుడు కూలీకి ఆ గీత కావాలి. సౌత్ వేల్స్ బొగ్గు కార్డిఫ్, బ్యారీ రేవుల్లో అలాగే ఓడలెక్కేది. మన దేశంలో రైళ్లు మొదలైన కొత్తలో బొంబాయి వైపు ఇంజన్లకు బ్రిటన్ బొగ్గు ఓడల మీదే వచ్చేది. మా వాడికి చరిత్రలో మన చోటు కావాలంటే ఆ తెల్ల గీత దగ్గరే ఉంది, దొంగ పేరు అక్కర్లేదు అన్నాను.

ఇక గిన్నె సంగతికి వద్దాం. పక్కింటి గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వకూడదని మా అమ్మ చెప్పేది. ఏమీ లేకపోతే చిటికెడు పంచదారైనా వేసి పంపేది. పేరు రాసిన వ్యాగన్‌కి ఆ భాగ్యం లేదు. బొగ్గు దించాక అది యజమాని దగ్గరికి ఖాళీగానే పోవాలి. దారిలో ఇంకో గనికి వ్యాగన్ల కరువున్నా, అది ఎదురుగా ఖాళీగా ఉన్నా, ఎవరూ ముట్టుకోకూడదు. వంద వ్యాగన్లు యార్డుకి వస్తే వంద పేర్లు చదివి, ఒక్కొక్కటీ విడదీసి, ఎవరిది వాళ్ల దారికి పంపాలి. పెళ్లయిన మర్నాడు పెరట్లో గిన్నెలు పోసుకుని, ఏది ఎవరిదో వెతికిన ఆడవాళ్లకు ఆ పని ఎంత నడుంనొప్పో నేను చెప్పక్కర్లేదు. అది ఒక్క రోజు కాదు, రోజూ. పైగా ఖాళీ వ్యాగన్ లాగడానికి కూడా ఇంజను బొగ్గు తినాల్సిందే. 1880ల్లో మిడ్లాండ్ రైల్వే తన లైన్ల మీది ప్రైవేటు వ్యాగన్లను వేల సంఖ్యలో కొనేసి ఈ గొడవ తెంచుకుందామని చూసింది. అయినా కొత్తవి పుట్టుకొస్తూనే ఉన్నాయి.

చివరికి ఆ ముడి విప్పింది యుద్ధమే. 1939లో యుద్ధం మొదలవగానే ప్రభుత్వం ప్రైవేటు వ్యాగన్లను దాదాపు అన్నిటినీ ఉమ్మడిలో కలిపేసింది. ఎవరి వ్యాగన్ ఎవరైనా నింపుకోవచ్చు. పేర్లు అలాగే ఉన్నా వాటికి అర్థం పోయింది. విరిగిన పలక స్థానంలో రంగులేని కొత్త పలక వేసేవారు. దాంతో పేరులో మధ్య ముక్క ఎగిరిపోయేది. 1948 జనవరి 1న రైల్వేలు జాతీయం అయినప్పుడు ఐదు లక్షలకు పైగా వ్యాగన్లు ప్రభుత్వానికి వెళ్లాయి. యజమానులకు వ్యాగన్ రకాన్ని, వయసుని బట్టి పరిహారం ఇచ్చారు. ప్రైవేటువని గుర్తుగా నంబరు ముందు ఇంగ్లీషు "పీ" అక్షరం చేర్చారు. నూనె ట్యాంకుల్లాంటి ప్రత్యేకమైనవి కొన్ని మిగిలాయి గానీ, చెక్క బొగ్గు బళ్లు అరిగి అరిగి, పదహారు టన్నుల ఇనప వ్యాగన్లు వచ్చాక తుక్కులోకి పోయాయి. 1952 డిసెంబరులో లండన్‌ని కమ్మిన పొగమంచు, దాని తర్వాత 1956లో వచ్చిన గాలి శుభ్రత చట్టం ఇంటి బొగ్గుకే చరమగీతం మొదలెట్టాయి. బొగ్గాయన బండి కూడా మెల్లిగా కనుమరుగైంది.

మోడల్ వాళ్లు చాలామంది ఈ 1948 తారీఖుని ఒక చావు కబురులా చెప్పుకుంటారు. ఎర్రవి, నీలివి, పసుపువి అన్నీ పోయి బూడిద రంగు మిగిలిందని బాధ. నాకు ఆ బాధ లేదు. బొమ్మగా పేరున్న వ్యాగన్ అందం. పనిముట్టుగా పేరులేని వ్యాగనే నయం. ఉమ్మడి వంటింట్లో "ఇది నా గిన్నె" అన్న మాట వినపడనంత వరకే పని సాఫీగా సాగుతుందని ముగ్గురు తోడికోడళ్ల మధ్య కాపురం చేసిన నాకు ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు.

అయితే ఆ రంగుల్ని కాపాడినవాళ్లంటే నాకు గౌరవం. గ్లాస్టర్ కంపెనీ కొత్త వ్యాగన్ తయారవగానే ఫోటో తీసి ఉంచేది. వ్యాగన్ పక్కనే వివరాలు రాసిన పలక కూడా ఫోటోలో పడేది. కీత్ మాంటేగ్ ఆ ఫోటోలతో ఒక పుస్తకమే వేశారు. 1950లో ఏర్పడిన హిస్టారికల్ మోడల్ రైల్వే సొసైటీకి డెర్బీషైర్‌లోని బటర్లీ దగ్గర సొంత మ్యూజియం ఉంది. ఫోటోలన్నీ నలుపు తెలుపే. ఆ కాలపు ఫిల్ములో ఎరుపు నల్లగా పడేది, నీలం తెల్లగా తేలిపోయేది. అందుకని ఫలానా వ్యాగన్ ఎరుపా నలుపా అని పెద్దమనుషులు గంటలు గంటలు వాదించుకుంటారు. నాకు నవ్వొస్తుంది, కానీ ముచ్చటేస్తుంది కూడా. ఎప్పుడో పోయిన ఒక చిన్న వ్యాపారి బండి రంగు తప్పు వేయకూడదని అంత తాపత్రయపడటం ఒక రకంగా తద్దినం పెట్టడమే.

ఇప్పుడు మా తగాదా. మా వాడి వాదన తేలిగ్గా తీసేసేది కాదు. "అమ్మా, ఇది ఆట. నా రైల్వేలో నేనే మేనేజర్ని. అయినా కొట్లో అమ్మేవాటిలో కూడా ఎప్పుడూ లేని పేర్లు బోలెడు" అంటాడు. నిజమే. నిజంగా ఉన్న పేరునే వేరే కాలపు వ్యాగన్ మీద వేసి అమ్మేవీ ఉన్నాయి. కానీ నేనన్నది ఇదీ: పక్కింటి వాళ్ల పెళ్లి ఫోటోలో మన మొహం అతికించుకుంటే మనం ఆ పెళ్లికి వెళ్లినట్టు కాదు. 1935లో ఆ పేరు రాయించుకున్న ప్రతి మనిషీ ఏడేళ్ల వాయిదా మోశాడు, సంచులు మోశాడు, వ్యాగన్ దారి తప్పితే నిద్ర మానుకున్నాడు. మనం ఇరవై పౌండ్లు ఇచ్చి ఆ వరసలో నిలబడితే అది ముద్దుగా ఉంటుందేమో గానీ, నిజంగా మోసినవాడి చోటు మనం తీసుకున్నట్టే.

మా వారి మాట ఇంకొంచెం లోతుగా తగిలింది. "ఈ దేశంలో వీడి పేరు ఎక్కడా రాసి లేదు. కనీసం వాడి బల్ల మీదైనా ఉండనీ" అన్నారు. బడిలో రోజూ తన పేరు విరిచి పలికే టీచర్ల మధ్య పెరుగుతున్న పిల్లాడి గురించి ఆ మాట. దాన్ని నేను తోసెయ్యను. కానీ లేని తాతని కల్పించి ఇస్తే పిల్లాడికి ధైర్యం రాదు. ఉన్న తాతని చూపిస్తే వస్తుంది. మా మావగారు దక్షిణ మధ్య రైల్వేలో గూడ్సు గార్డుగా రిటైరయ్యారు. యాభై పైచిలుకు వ్యాగన్ల వెనకాల, చివరి బ్రేకు వ్యానులో, ఒక లాంతరు, ఒక టిఫిన్ క్యారియర్‌తో ఎన్ని వేల రాత్రులు గడిపారో ఆయనకే లెక్క లేదు. ఆ వ్యాగన్ల మీద ఆయన పేరు లేదు, రైల్వే అక్షరాలే. ఆయన పేరు ఉన్నదల్లా టిఫిన్ క్యారియర్ మూత మీదే, అదీ మా అత్తగారు చెక్కించింది.

మా అమ్మాయికి పదేళ్లు. ఈ వాదనంతా విని, "అండ్ సన్స్ అంటే నేను లేనా?" అంది. ఇద్దరు మగాళ్లూ నేల చూపులు చూశారు. ఆ పాత వ్యాగన్ల మీద "అండ్ సన్స్", "బ్రదర్స్" అడుగడుగునా కనిపిస్తాయి. ఆ ఇళ్లలో బిల్లులు రాసిందెవరో, బాకీలు గుర్తుపెట్టుకున్నదెవరో పలక మీద లేదు. నా ఊహ నాకుంది, మీకూ ఉంటుంది. నిజమైన వ్యాగన్ మీద ఆ మాట ఉంటే అలాగే ఉండనివ్వాలి, అది ఆ కాలపు సాక్ష్యం. మనం కొత్తగా రాయించి మళ్లీ అదే మాట రాయించడం దేనికి?

కాబట్టి ఇలాంటి సరదా ఉన్న పిల్లల తల్లులకు నా సలహా ఇది. ముందు ఒక ఊరు, ఒక సంవత్సరం ఎంచుకోమనండి. 1950 అంటే రంగులు వెలిసిన పలకలు, "పీ" నంబర్లు. 1930 అంటే పేర్లు. ఆ ఊరికి ఏ గని బొగ్గు వచ్చేదో లైబ్రరీలో వెతకమనండి. మెరిసే వ్యాగన్లు పది కొనే బదులు నిజమైనవి మూడు కొని, వాటికి మసి పూసి, ఒక్కటైనా ఖాళీగా తిప్పమనండి. పేరున్న బండికి ఖాళీగా తిరగడం తప్పలేదని బల్ల మీదే తెలుస్తుంది. తన పేరు రాసుకోవాలని మరీ ముచ్చటగా ఉంటే మన దేశంలోనూ దారి ఉంది. మన రైల్వే 1992లో సొంత వ్యాగన్ పథకం పెట్టి, కంపెనీలు వ్యాగన్లు కొనుక్కోవచ్చంది. అంటే కథ పూర్తిగా ముగిసిపోలేదు. పెద్దయ్యాక నిజంగానే కొనుక్కుని, వాయిదాలు కట్టి, అప్పుడు రాయించుకోమను, కొబ్బరికాయ నేనే కొడతానన్నాను.

ప్రస్తుతానికి రాజీ ఏమిటంటే, ఆ డబ్బుతో మావగారు చెప్పిన కొలతలు చూసి ఒక బ్రేకు వ్యాను చేసుకుంటున్నారు తాతా మనవడూ, వీడియో కాల్లో. మా అమ్మాయి రంగులు వేస్తోంది. దాని మీద ఎవరి పేరూ ఉండదు. మీ ఇళ్లలో ఇలాంటి తగాదాలుంటే, మీరు ఎటు తీర్పు చెప్పారో నాకూ చెప్పండి.